ఇరువదియేండ్ల స్నేహమునకు పిమ్మట

పెండ్లినాటికి వధూవరు లొకరి ముఖ మొకరు చూచియుండుటయే యరుదుగా నుండిన దేశములో, ఏండ్లతరబడి యొకరినొకరు చక్కగా నెఱిగిన స్త్రీపురుషులు "ఇక మనము వివాహమాడవలయునా, వలదా?" యని విచారించుకొనుట పెద్దలకు వింతగా దోచుట సహజమే. మన తాతలనాడు పెండ్లి ముందు, పరిచయము తరువాత; ప్రేమ మాట దైవాధీనము. నేడు హైదరాబాదునందును, విశాఖపట్టణమునందును, తెలుగువారు బ్రదుకుతెరువునకై చేరిన బెంగుళూరు, లండను, న్యూయార్కు నగరములయందును, చదువుకొని స్వార్జితముపై నిలిచిన యువతీయువకులలో కొందఱు చిరకాలము కలసియుండి, ఆ పిమ్మట నీ ప్రశ్నకు వచ్చుచున్నారు. వినగానే పెద్దలలో కొందఱు చెవులు మూసికొందురు. పిన్నలలో కొందఱు "మనసులు కలసిన వెనుక నొక సంతకమున నేమున్నది?" అని నవ్వుదురు. మాకీ రెండు త్రోవలును నచ్చవు. సంతకమున నేమున్నదో యెఱుగక చేయుటయు దోషమే, యెఱుగక మానుటయు దోషమే. అందేమున్నదో పంక్తి పంక్తియు చదివి, చదివినదానిని కాగితముపై బెట్టి, ఆ పిమ్మట పెండ్లియాడిన దంపతులు పందొమ్మిదవ శతాబ్దమున నింగ్లండులో నుండిరి. వారి చరిత్రమును చదువరులకు దెలుపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నాటి యాంగ్లేయ వివాహధర్మ మెట్టిదో యెఱుగవలయును. 1753లో హార్డ్విక్కు ప్రభువు చేయించిన శాసనమునకు పూర్వము, స్త్రీపురుషులు పరస్పరము సమ్మతిని ప్రకటించుకొన్న మాత్రముననే వివాహము జరిగినట్లు గణింపబడు సందర్భము లుండెడివి. ఆ శాసనము వచ్చినతోడనే, క్వేకరులును యూదులును దప్ప తక్కినవా రందఱును ప్రభుత్వమతమునకు జెందిన చర్చిలో క్రమప్రకారముగా పెండ్లియాడిననే గాని యది వివాహము గాదయ్యెను. అట్లు వివాహమాడిన స్త్రీ గతి యేమి? వివాహముతో దంపతు లిరువురు నొక్క వ్యక్తి యగుదురనియు, స్త్రీకి చట్టములో గల యునికి భర్తయందు లీనమగుననియు, 1765లో బ్లాక్‌స్టను అను న్యాయశాస్త్రవేత్త వ్రాసెను. ఈ తియ్యని వేదాంతమునకు వ్యవహారమున నర్థ మిది: ఆమె చేతిలోని రొక్కము, మెడలోని నగ, కష్టపడి తెచ్చిన జీతము భర్తవి, ఆమె పుట్టింటినుండి వచ్చిన భూమిపై నాదాయము భర్తది, భర్త సమ్మతి లేక ఆమె మరణశాసనము వ్రాయజాలదు, తన పేర దావా వేయజాలదు, కన్నబిడ్డలపై నధికారము తండ్రిది. ఇల్లు విడిచిపోయిన భార్యను భర్త నిర్బంధించి యుంచుకొనవచ్చునని 1840లో నొక న్యాయాధిపతి తీర్పు చెప్పెను. ఇంత చేసినను, విడిపోవలెనన్న పార్లమెంటులో ప్రత్యేకశాసనము చేయించుకొనవలసినదే. 1857కు ముందు నూటయెనుబది సంవత్సరములకు పైబడిన కాలములో నట్టి శాసనములు మూడువందలకు గొంచెము మించినవి. అందు స్త్రీలు సంపాదించినవి నాలుగు.

ఈ చట్టమును నిరసించినవారిలో ముందుగా బేర్కొనదగినవారు మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు, విలియం గాడ్విను. ఆమె 1792లో స్త్రీల హక్కులనుగూర్చి గ్రంథము వ్రాసెను. అతడు 1793లో తన రాజనీతిగ్రంథమున వివాహమును గుత్తలలో నెల్ల నీచమైన గుత్తగా దూషించెను. 1796లో వీరిరువురకును ప్రణయము కుదిరెను. ఎవరి యింట వారుండిరి. ఆమె గర్భవతి కాగా 1797 మార్చి 29వ తేదీన లండనులోని సెయింటు పాంక్రాసు చర్చిలో వివాహమాడిరి. గాడ్విను నిత్యము దినచర్య వ్రాయు నలవాటు గలవాడు. నాటి పుటలో పెండ్లి మాట లేదు. చర్చి పేరులోని తొలి యక్షరములు కొన్ని మాత్రము కలవు. సిద్ధాంతమును మ్రింగవలసివచ్చిన పండితుని సిగ్గు ఆ యక్షరములలో మాకు గనబడుచున్నది. అంతకంటె విచారకరమైన సంగతి యొకటి కలదు. మేరీ యంతకుముందు ఫ్రాన్సులో ఇమ్లే యను నమెరికనుతో కలసియుండి, ఒక కూతురును గని, అతని భార్యగానే లోకమున జెల్లుచుండెను. గాడ్వినును పెండ్లియాడుటతో, ఆమె ఇమ్లేకు భార్య కాదని బట్టబయలయ్యెను. అంతవఱకు నాదరించిన స్నేహితులు కొందఱు పెండ్లి జరిగిన పిమ్మటనే యామెను విడిచిరి! పెండ్లి లేకుండుట వారికి దోషము గాలేదు. లేదని తెలియుట దోషమయ్యెను. ఆ సెప్టెంబరు 10వ తేదీననే, రెండవ కుమార్తెను గన్న పదునొకండు దినములకు, మేరీ మృతినొందెను. వారి వివాహము పుట్టబోవు బిడ్డకొఱకు త్వరలో జరిగినది. మేము చెప్పబోవు దంపతులకు త్వర లేదు. వారికి కావలసినంత వ్యవధి యుండెను.

హారియెట్టు 1807లో లండనులో జన్మించి, పదునెనిమిదవ యేట, 1826లో, జాన్ టెయిలరు అను మందుసరకుల టోకువర్తకుని వివాహమాడెను. టెయిలరు సజ్జనుడు; ఉదారభావములు గలవాడు; భార్యను ప్రేమించినవాడు. హారియెట్టు మనస్సు పరుగెత్తు త్రోవలను అతని మనస్సు పరుగెత్తలేకపోవుటయే యతనియందలి లోపము. 1830లో వారి మతబోధకుడగు ఫాక్సు మూలమున జాన్ స్టూవర్టు మిల్లుతో బరిచయము గలిగెను. మిల్లునకు 24 ఏండ్లు. మూడవయేటనే తండ్రి గ్రీకుభాష మొదలుపెట్టింపగా పుస్తకములలో బెరిగి, ఇరువదియవ యేట తీవ్రమైన మనోవ్యథకు లోనై తేరుకొన్నవాడు. 1823 నుండి ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున నుద్యోగి. హారియెట్టునకు నాటికి కుమారు లిరువురు. మఱుసటి సంవత్సరము కుమార్తె హెలెను పుట్టెను.

తొలి రెండుమూ డేండ్లలోనే వీరిరువురును వివాహమునుగూర్చి యొకరికొకరు వ్యాసములు వ్రాసి యిచ్చుకొనిరి. ప్రణయలేఖలకు బదులు వివాహధర్మముపై వ్యాసములు! ఈ వ్యాసములు 1951లో హయెక్కు అను పండితుడు ప్రకటించిన గ్రంథమువలన లోకమునకు దెలిసినవి. మిల్లు మాట కొంత జంకుతో గూడినది: దంపతులు విడిపోవుట కవకాశ ముండవలెను, అయినను తొందరపడరాదు, బిడ్డలున్నచో మఱింత యాలోచింపవలెను అను ధోరణి. హారియెట్టు జంకలేదు. స్త్రీకి విద్యయు ఉద్యోగములును దెఱచి, వివాహమునుగూర్చిన చట్టములనే తీసివేసినచో నేమి నష్టమని యామె యడిగెను. బిడ్డల పోషణభారము తల్లియే వహించునెడల, ఎందఱిని గనవలెనో యామెయే తెలిసికొనుననియు వ్రాసెను. ఇద్దఱు కుమారులును చేతిలోని పసికూనయు గల యిల్లాలు, భర్త సొమ్ముతో జీవించుచు, ఇట్లు వ్రాయుట సాహసమే. ఆ సాహసమున కొంత యూహాలోకము గలదని మేమందుము. తండ్రిని బాధ్యతనుండి తప్పించుట స్త్రీకి మేలని మాకు దోపదు. కాని తెగువ యెవరిదో, వెనుకముం దెవరిదో చదువరులు గమనింపవలెను. తరువాతి గ్రంథములలో నీ వ్యత్యాస మక్కఱకు వచ్చినది.

1833లో సంసారమున సంక్షోభము గలిగెను. టెయిలరు భార్యను గొన్నాళ్లు దూరముగా నుండుమని కోరగా నామె పారిసునకు బోయెను. మిల్లు నచ్చటికి బోయి కొన్నివారము లుండెను. పిమ్మట మువ్వురును గలిసి చేసికొన్న యేర్పాటు మన కథలలో గానరాదు, వారి కథలలోను గానరాదు. హారియెట్టు టెయిలరునకు భార్యగనే యుండెను. కాని ప్రత్యేకముగా నొక యిల్లు దీసికొని చాలకాల మందే కాపురముండెను. వ్యయము టెయిలరుది. మిల్లు తీఱికదినములలో వచ్చి చూచుచుండును; ఒక్కొక్కప్పుడు కలసి దేశాటనమును జేసిరి. తమ సంబంధము స్నేహమేగాని శరీరసంబంధము కాదని మిల్లు తన స్వీయచరిత్రమున వ్రాసియున్నాడు. మే మా మాటను నమ్ముచున్నాము. నమ్మనివారికి చెప్పదగిన దేమన, ఈ వ్యాసమునకు సంబంధించిన ప్రశ్న యదికాదు.

లోకము మాత్రము నమ్మలేదు. మిత్రుడు రోబకు హితము చెప్పబోగా స్నేహమే తెగిపోయెను. తండ్రి జేమ్సు మిల్లు పరుని భార్యను ప్రేమించుట తప్పని మందలించెను. కార్లైలు దంపతుల యింట జరుగు ప్రసంగములలో వీరి ప్రసక్తి వచ్చుచుండెను. 1848లో మిల్లు అర్థశాస్త్రగ్రంథమును బ్రకటించి హారియెట్టున కంకిత మీయదలపగా టెయిలరు సమ్మతింపలేదు. మిత్రుల కిచ్చు కొన్ని ప్రతులలో మాత్రము అంకితపుట యంటింపబడెను. పదునెనిమిదేండ్లు సహించిన యా వర్తకు డిక్కడ మాత్రము ఆగుమనెను. పత్రికలలో దన భార్య పేరు మఱియొకని పేరుతో గూడియుండుట చూడజాలనని యతడనుట తప్పని మే మనజాలము. మిల్లు చరిత్ర వ్రాసినవారు టెయిలరునకు రెండు పంక్తులకంటె నెక్కువ యిచ్చుట యరుదు. చట్టము తనకిచ్చిన యధికారములను ఇరువది సంవత్సరములు చేతనుంచుకొని వాడని పురుషు డాతడు. భార్యను ఇంటికి లాగి తేవచ్చును, తేలేదు. బిడ్డలను దాచవచ్చును, దాచలేదు. మిల్లు తరువాత కాగితముమీద వ్రాసినదానిని టెయిలరు వ్రాయకయే చేసెను.

1849లో టెయిలరు రాచపుండుతో మంచము పట్టెను. హారియెట్టు చివరి రెండునెలలును చెంతనుండి రేయింబవళ్లు పరిచర్య చేసెను. జూలైలో నతడు కన్నుమూసెను. తన యాస్తిపై నాదాయమును భార్య జీవితకాలమంతయు ననుభవించునట్లు వ్రాసిపోయెను. హారియెట్టునకు 41 ఏండ్లు, మిల్లునకు 43. అడ్డము తొలగినది. అయినను వెంటనే పెండ్లియాడలేదు. దాదాపు రెండు సంవత్సరములు గడచెను.

ఈ రెండు సంవత్సరములే మాకు మిక్కిలి యాసక్తికరముగా నున్నవి. పెండ్లియాడక పోయిన నేమి? ఇరువురును వివాహచట్టమును దూషించినవారు. ఇరువదియేండ్లు వివాహము లేకయే యొకరికొకరు సర్వస్వముగా జీవించినవారు. ఆమె కిపుడు స్వతంత్రమైన యాదాయము కలదు. వితంతువైన స్త్రీకి నాటి చట్టములో స్వతంత్రముగా నాస్తి నుంచుకొనుటకును, దావా వేయుటకును, కాగితము వ్రాయుటకును హక్కు కలదు. వివాహమాడిన మరుక్షణమున నీ హక్కులలో బెక్కులు పోవును. అనగా సంతకము చేసి యామె పొందునది తక్కువ, పోగొట్టుకొనునది యెక్కువ. మఱి మానినచో? ఒక యింట బగలు రాత్రి కలసియుండుటకు వీలులేదు. ఎదిగిన కుమార్తెకు మాట వచ్చును. ఇరువురును క్షయవ్యాధి సూచనలు గలవారు, ఒకరు మంచము పట్టినచో రెండవవారు పరాయివారే. వారి విచారణయొక్క వివరము లన్నియు మనకు జిక్కలేదు; ఫలితము మాత్రము చిక్కినది. 1851 మార్చి 6వ తేదీన మిల్లు ఒక పత్రము వ్రాసెను.

ఆ పత్ర మొక పుటకు మించదు. దాని సారాంశము మా మాటలలో నిది. వివాహమాడబోవు నవసరమున, చట్టము నిర్మించిన వివాహసంబంధమును తామిరువురును మనఃపూర్వకముగా నిరసించుచున్నారు. అది యొకరి శరీరముపైనను, ఆస్తిపైనను, స్వేచ్ఛపైనను వేఱొకరికి, ఆమె యిష్టముతో నిమిత్తము లేక, అధికార మిచ్చుచున్నది. ఈ యధికారమును చట్టరీత్యా త్యజించు మార్గముండినచో దాను తప్పక త్యజించియుండును. అట్టి మార్గము లేదు గావున, దీనిపై తన యసమ్మతిని వ్రాతమూలముగా దెలిపి, ఎట్టి సందర్భమునందును ఆ యధికారమును వాడనని ప్రతిజ్ఞ చేయుచున్నాడు. వివాహమే జరుగనట్లు ఆమె తన విషయమునను తన సొత్తు విషయమునను సర్వస్వతంత్రురాలై యుండవలయును. ఈ వివాహమువలన దన కేదో హక్కు సంక్రమించినదను వాదమును దాను పూర్తిగా విడనాడుచున్నాడు.

దీనిని చదివి కన్నులు చెమర్చినవారు గలరు, నవ్వినవారు గలరు. మేము రెండవసారి చదివినపుడు మా కొక చిక్కు గనబడినది. ఈ పత్రమునకు న్యాయస్థానమున విలువ లేదు. భార్య సొత్తును ధర్మకర్తల చేతబెట్టి కాపాడు నుపాయము ధనికకుటుంబములలో నుండెను; చాన్సరీ కోర్టు దానిని గౌరవించుచుండెను. శరీరముపైనను స్వేచ్ఛపైనను గల యధికారమునకు మాత్రము ఏ యుపాయమును లేదు. రేపు మిల్లు మనసు మారినచో, హారియెట్టు ఈ కాగితమును బట్టుకొని యే న్యాయాధిపతి యెదుట నిలువగలదు? ఆమె స్వాతంత్ర్య మంతయు నొక పురుషుని మంచితనముపై నాధారపడియున్నది. మంచివాని దయవలన లభించినది స్వాతంత్ర్యమా, సెలవా? మిల్లు నీ చిక్కు నెఱుగనివాడు కాడు. కనుకనే, చేతనైనచో త్యజించియుందును అని వ్రాసెను. 1869లో బ్రకటించిన స్త్రీల దాస్యమునుగూర్చిన గ్రంథములో, మంచి భర్త లున్నారను కారణముచేత చెడ్డ చట్టమును సమర్థింపరాదని గట్టిగా వాదించెను.

ఇక్కడ మన పాఠకులకు దోచు సంగతి యొకటి కలదు. ఆంగ్లేయుల యిల్లాలికి తన నగపై దనకు హక్కు లేని కాలమున, మన ధర్మశాస్త్రములు స్త్రీధనము స్త్రీదే యని చెప్పియుండెను; మితాక్షర దాని యర్థమును మిక్కిలి విశాలముగా జేసినది. దీనిని జూచి మీసము మెలివేయువారు, ఆ గ్రంథములనే చేతబట్టుకొని బాలవితంతువుల తలలు గొఱిగించిన కాలమునుగూడ జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక. ఇంకొక వింత: మిల్లు ఇండియా హౌసున గూర్చుండి మన దేశపు సంస్థానములకు సంబంధించిన యుత్తరువులను ముసాయిదాలు వ్రాయుచుండెను. వేల క్రోసుల దూరమందలి రాజుల వ్యవహారములు అతని కలమున నడచుచుండెను. తన యింటి యిల్లాలిపై దనకు వలదనుకొన్న యధికారమును దీసివేయుట కా కలమునకు శక్తి లేకపోయెను.

1851 ఏప్రిలు 21వ తేదీన, డార్సెటు సీమలోని మెల్కంబు రీజిసు రిజిస్ట్రారు కచ్చేరిలో వివాహము జరిగెను. 1836 నాటి శాసనమువలన చర్చి లేకయే యట్లు వివాహమాడుటకు వీలు గలిగియుండెను. సాక్షులు హారియెట్టు బిడ్డలు అల్జర్ననును హెలెనును. తల్లి రెండవ పెండ్లికి బిడ్డలు సాక్షిసంతకము చేయుట మన దేశమున నా కాలమునకు ఊహకైన నందని పని. పెండ్లి పిమ్మట లండను చేరువ బ్లాక్‌హీతులో గాపురము పెట్టిరి. మిల్లు తల్లియు దోబుట్టువులును హారియెట్టును తగినట్లు గౌరవింపలేదని మిల్లు తలచి వారితో గఠినముగా వర్తించెను. ఆ కాఠిన్యమును మేము సమర్థింపము. దోషము వారిది కొంత యుండవచ్చును. కాని యిరువది సంవత్సరములు లోకమునకు వెఱచి తలుపు మూసికొన్నవారు, తలుపు తెఱచిన దినమున నందఱును తమకు నమస్కరింపవలెనని కోరుట న్యాయముకాదు.

1852లో నొక చిత్రము జరిగెను. రిజిస్ట్రారు పుస్తకమున దాను మొదట పొట్టిసంతకము చేసి, పూర్తిపేరు వ్రాయవలెనని చెప్పగా దానిని పిమ్మట నిఱికించి వ్రాసినట్లు మిల్లునకు జ్ఞప్తికి వచ్చెను. ఆ సంతకపు వికారమువలన వివాహము చెల్లదని యెవరైన నందురేమో యను భయము పట్టెను. మరల నొకసారి చర్చిలో వివాహమాడుదమని భార్యకు లేఖ వ్రాసెను! సంవత్సరము క్రిందట వివాహచట్టము తన కిచ్చు సర్వహక్కులను విడనాడుచున్నానని వ్రాసినవాడే, ఇప్పుడా వివాహము చట్టప్రకారము చెల్లునో లేదో యని నిద్రమానెను. దీనిని జూచి నవ్వుట సులభము. మే మిందు విరోధము లేదనుచున్నాము. అతడు వలదన్నది అధికారమును, సంబంధమును గాదు. ఆమె తన భార్య కాదని లోకమున నెవ్వడును ననకుండవలెను. ఆమెకు దాను యజమానుడు గాకుండవలెను. చట్టమో, ఈ రెంటిని నొక్క మూటగా గట్టి యమ్ముచుండెను. కొనువాడు మూట విప్పి, తనకు గావలసిన వస్తువును దీసికొని, రెండవదానిని అంగడిలోనే పెట్టిపోవ బ్రయత్నించెను.

అమెరికాలో లూసీ స్టోను, హెన్రీ బ్లాక్‌వెల్లు అనువారు 1855 మే 1వ తేదీన పెండ్లియాడునపు డిట్టి యసమ్మతిపత్రమునే చదివిరి. లూసీ తన పేరు మార్చుకొనలేదు. 1879లో పాఠశాలల యెన్నికలలో వోటు వేయబోగా, భర్త పేరు చేర్చిననేగాని వీలులేదని యధికారులు త్రోసివేసిరి. ఇంగ్లండులో నవలారచయిత్రి జార్జి ఇలియటునకు వివాహము కావలెనన్నను దొరకలేదు. ఆమె సహచరుడు లూయిసు, తప్పినడచిన భార్యను మొదట క్షమించి యామె బిడ్డకు దన పేరిచ్చినవాడగుటచే, విడాకు లడుగు హక్కును గోల్పోయెను. 1854 నుండి 1878లో నతడు మరణించువఱకు వా రిరువురును దంపతులవలెనే జీవించిరి. ఆమె యన్న యామెకు ఉత్తరము వ్రాయుట మానెను. 1880లో నామె వేఱొకరిని చర్చిలో వివాహమాడగా, ఆ వార్త విని మరల వ్రాసెను.

ఆంగ్లేయుల చట్టము ఆంగ్లేయులతోనే యుండిన బాగుండెడిది. భార్యను కాపురమునకు రప్పింపుమని కోర్టునకెక్కు పద్ధతి వారి న్యాయస్థానములతో మన దేశమునకు వచ్చినది. 1887లో బొంబాయిలో రఖ్మాబాయి యను విదుషి, తాను బాలికగా నుండగా జరిగిన పెండ్లిని ఒప్పుకొనక, కాపురమునకు బోవుటయో కారాగారమునకు బోవుటయో తేల్చుకొమ్మను తీర్పునకు గుఱియయ్యెను. ఆ పద్ధతి 1955 నాటి హిందూవివాహచట్టములో తొమ్మిదవ సెక్షనుగా నిలిచినది. 1983లో నొక తెలుగు దంపతుల వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరి, ఇది స్త్రీయొక్క శరీరస్వాతంత్ర్యమునకును వ్యక్తిమర్యాదకును విరుద్ధమని కొట్టివేసెను. మిల్లు పత్రములోని మొదటి వాక్యమునకు న్యాయపీఠముపైనుండి వచ్చిన ప్రతిధ్వనిగా మేము దానిని జదివితిమి. మఱుసటి సంవత్సరమే సుప్రీముకోర్టు ఆ సెక్షను చెల్లునని తీర్పు చెప్పినది.

మన దేశమున నేడు కలసి జీవించుచు పెండ్లి మాట తలచుకొను జంటలు సైతము మిల్లువలెనే మూటను విప్పి చూడవలసియున్నది. మూటలోని వస్తువులు మాఱినవి. 1956 నాటి వారసత్వచట్టముతో హిందూస్త్రీకి తన యాస్తిపై సంపూర్ణహక్కు వచ్చినది; పెండ్లివలన నది పోదు. హారియెట్టు పోగొట్టుకొన్నది మన స్త్రీ పోగొట్టుకొనదు. కాని పెండ్లి లేనిచో దొరకనివి యున్నవి. మరణశాసనము వ్రాయక భర్త మరణించినచో భార్య మొదటి తరగతి వారసురాలు. ముప్పదియేండ్లు కలసియున్న సహచరి యే తరగతికిని జెందదు, ఇల్లు ఖాళీచేయుమని అతని యన్నదమ్ములు వచ్చి యడుగవచ్చును. 2005 నాటి గృహహింసచట్టము వివాహమువంటి సంబంధములో నుండు స్త్రీకిని రక్షణ నిచ్చినది. అయితే 2010లో సుప్రీముకోర్టు దాని హద్దులను దెలిపినది: ఇరువురును వివాహార్హులై యుండవలెను, లోకమున దంపతులుగా నడచుకొనవలెను, తగినంతకాలము స్వేచ్ఛగా గలసి కాపురముండవలెను. భార్య బ్రతికియున్న పురుషునితో గలసియుండు స్త్రీ కీ రక్షణయు సందేహాస్పదమే. "సంతకమున నేమున్నది?" అని నవ్వు యువకు డా మాట తన సహచరితో నన్నపుడు, ఇల్లు ఎవరి పేరనున్నది, బ్యాంకు నామినీ యెవరు, మరణశాసనము వ్రాసితివా యని యామె యడుగుట ప్రేమలోపము గాదు. అట్లే పెండ్లియాడుమని తొందరపెట్టు తల్లిదండ్రులను, అల్లుడు మా బిడ్డకు ఉద్యోగము మానుమని చెప్పడనుటకు పూచీ యేమని యడుగవచ్చును. మిల్లు పత్రమువంటి దొకటి వ్రాసి యిమ్మనుట మా యూళ్లలో నపహాస్యమునకు గుఱియగునేమో; కట్నపు లెక్కలు కాగితముపై వ్రాసికొనుటకు మాత్ర మెవరును సిగ్గుపడుట మేము చూడలేదు.

మిల్లు దంపతుల కాపురము ఏడున్నర సంవత్సరములు మాత్రము సాగెను. 1858లో కంపెనీ పాలన యంతరింపగా మిల్లు ఉద్యోగవిరమణ చేసి భార్యతో దక్షిణ ఫ్రాన్సునకు బయలుదేరెను. త్రోవలో అవిన్యోను పట్టణమున నామెకు జబ్బుచేసి నవంబరు 3వ తేదీన మరణించెను. శ్మశానవాటిక చేరువ నొక యిల్లు కొని మిల్లు ఏటేట నందు గొంతకాలము నివసించుచుండెను. మఱుసటి యేట స్వేచ్ఛనుగూర్చిన గ్రంథము వెలువడెను. దాని నామె కంకితము జేసెను. ఈసారి వలదను వారు లేరు. 1865లో పార్లమెంటు సభ్యుడై, 1867లో స్త్రీలకు వోటు హక్కు నీయవలెనని సవరణ దెచ్చెను. అనుకూలముగా 73 వోట్లు, ప్రతికూలముగా 196 వచ్చెను. భార్య సంపాదన భార్యదే యను చట్టము 1870లో వచ్చెను. మిల్లు 1873లో అవిన్యోనులోనే మరణింపగా భార్య ప్రక్కన బాతిపెట్టిరి. వివాహమాడిన స్త్రీ తన సొత్తునంతయు దన పేరనే యుంచుకొనవచ్చునను శాసనము 1882లో జరిగి, 1883 జనవరి 1వ తేదీ మొదలు అమలునకు వచ్చెను. మిల్లు తన పత్రమున బ్రతిజ్ఞగా వ్రాసినదానిలో సొత్తునకు సంబంధించిన భాగ మట్లు ముప్పదిరెండేండ్లకు చట్టమయ్యెను. శరీరమునకు సంబంధించిన భాగమునకు ఇంకను గొంతకాలము పట్టెను: భార్యను నిర్బంధించి యుంచు హక్కు భర్తకు లేదని 1891లో తీర్పు వచ్చినది.

ఆ నాటికి కుమార్తె హెలెను బ్రతికియుండెను. తల్లి పోయిన పిమ్మట సవతితండ్రికి దోడుగా నుండి, అతని గ్రంథములను సవరించి, స్వీయచరిత్రమును బ్రకటించి, లండను పాఠశాలల బోర్డునకు సభ్యురాలుగా నెన్నికయై పనిచేసెను. మెల్కంబు రీజిసు కచ్చేరిలో సాక్షిగా సంతకము చేసినపు డామెకు పందొమ్మిదేండ్లు. 1907లో మరణించువఱకు నామె వివాహమాడలేదు.